వెటకారం అరువు సరుకు కాదు

ఇరవయ్యో శతాబ్దపు యుద్ధ నవలల మీద తెలుగులో ఎవరు ప్రసంగించినా మూడు పేర్లు తప్పవు. యారస్లావ్ హాషెక్ సృష్టించిన సిపాయి ష్వేక్, జోసెఫ్ హెల్లర్ ‘క్యాచ్-22’, కర్ట్ వానెగట్ ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’. ముగ్గురినీ పొగడడం అయ్యాక ఆనవాయితీగా ఒక తీర్పు వినిపిస్తుంది. యుద్ధాన్ని వెటకారంగా, అసంబద్ధంగా రాయడం వాళ్ళకి చెల్లింది, మనకి చెల్లదట. తెలుగువాడు యుద్ధం చూసి ఎరగడట. చూడనివాడు వెటకారం చేస్తే అది అరువు గొంతట. యుద్ధమంటే మనకి పలనాటి కథ, బొబ్బిలి కథ. పాడితే వీరరసం, లేకపోతే కరుణరసం. మూడోదానికి మన పీటల మీద చోటు లేదు.

మా కోరాపుట్, రాయగడ వైపు ఈ మాటకి ఇంకో కొస తగిలిస్తారు. ఇన్ని చావులు, ఇంత ఆకలి చూసిన కొండల గురించి నవ్వుతూ రాయడం పాపం కాదా అంటారు. సాక్షిగా ఒడియా నవలాకారుడు గోపీనాథ్ మహంతిని పిలుస్తారు. ‘పరజా’ రాసినాయన ఎవరినైనా నవ్వించాడా? ఏడిపించాడు. గొప్ప రచనకి దారి అదేనంటారు.

పైకి చాలా పెద్దమనిషి తరహా వాదన. విప్పి చూస్తే ఒక్క ముడీ నిలవదు.

అసలు ఆ నవలల్లో యుద్ధం ఎక్కడుందో ముందు చూద్దాం. యువరాజు ఫెర్డినాండ్‌ని చంపేశారని పనిమనిషి చెప్తే, తనకి తెలిసిన ఇద్దరు ఫెర్డినాండుల్లో పోయింది ఎవరని అడుగుతాడు ష్వేక్. అక్కణ్ణుంచి కథ సారాకొట్టులోకి వెళుతుంది. చక్రవర్తి పటం మీద ఈగలు పాడుచేస్తున్నాయని దాన్ని తీసి అటకెక్కించిన కొట్టు యజమాని, ఆ ముక్క నోరు జారి చెప్పిన పాపానికి జైలుకి పోతాడు. తర్వాత ఠాణా, పిచ్చాసుపత్రి, సైనిక జైలు. సైన్యంలో మతగురువు ఒకాయన పేకాటలో ష్వేక్‌ని ఓ లెఫ్టినెంటుకి ఓడిపోతాడు. ధర్మరాజు తర్వాత మనిషిని పందెంలో పెట్టి ఓడిన ఘనుడు ఆయనే. పటాలం దగ్గరికి నడిచి వెళ్ళబోయి ష్వేక్ దారి తప్పి తిరుగుతుంటే, సొంత దేశం వాళ్ళే రష్యన్ గూఢచారి అని పట్టుకుంటారు. ఇలా వందల పేజీలు. హాషెక్ 1923 జనవరిలో చనిపోయేనాటికి తన సిపాయిని పోరాటం దాకా తీసుకెళ్ళనే లేదు. యుద్ధం మీద ఆ శతాబ్దంలో వచ్చిన అతి గొప్ప వెటకారంలో కథానాయకుడు యుద్ధం చెయ్యలేదు. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

‘క్యాచ్-22’లో బాంబులున్నాయి, చావులున్నాయి, నిజమే. కానీ అందులో డాక్టర్ డానీకాని చూడండి. విమానం ఎక్కాలంటే ఆయనకి భయం. ఎక్కితే వచ్చే అలవెన్సు మాత్రం కావాలి. అందుకని ఎక్కినట్టు పేరు రాయించుకుంటాడు. ఆ విమానం కూలిపోతుంది. డాక్టరు ఎదురుగా నిలబడి, నేను బతికే ఉన్నాను మొర్రో అని మొత్తుకున్నా, జాబితా ప్రకారం చచ్చిపోయాడు గనక ఎవరూ వినరు. భార్యకి బీమా డబ్బు అందుతుంది. బతికున్నట్టు సర్టిఫికెట్ తెమ్మని పింఛను ముసలమ్మని తిప్పిన ఆఫీసు మెట్లు ఒక్కసారైనా ఎక్కినవాడికి ఈ అధ్యాయానికి టీక అక్కర్లేదు. అమెరికావాడి కంటే మనకే అది తొందరగా ఎక్కుతుంది.

హెల్లర్ యుద్ధ విమానంలో అరవై సార్లు ఎగిరినవాడు. హాషెక్ ఆస్ట్రియా పటాలంలో పనిచేసి రష్యన్లకి పట్టుబడినవాడు. వానెగట్ 1945 ఫిబ్రవరిలో యుద్ధఖైదీగా డ్రెస్డెన్ తగలబడడాన్ని దగ్గరుండి చూసినవాడు. అందరూ చూసినవాళ్ళే, కాదనను. అయితే చూసి వాళ్ళు తెచ్చింది కత్తిసాము కాదు. రిజిస్టరు, రబ్బరు స్టాంపు, మెడికల్ రిపోర్టు, పైవాడి సంతకం. వాళ్ళ అసంబద్ధత పుట్టిన చోటు గుమాస్తా బల్ల. ఉర్దూ కథకుడు మంటో అయితే ఏ పటాలంలోనూ లేడు. ‘టోబా టేక్ సింగ్’లో రెండు ప్రభుత్వాలు పిచ్చివాళ్ళని కూడా మతాల లెక్కన పంచుకోవడం చూపించి, విభజనని అంతకంటే క్రూరంగా ఎవరూ రాయలేని విధంగా రాశాడు. కాబట్టి ప్రశ్న మారాలి. తెలుగువాడు ఫిరంగి చూశాడా అని కాదు అడగాల్సింది. యుద్ధం కాగితమై, ఉత్తర్వై, ధరై తన వీధిలోకి దిగడం చూశాడా?

చూశాడు. అందులోనూ ఈ విశాఖ–కోరాపుట్ పట్టీ చూసినంతగా తెలుగువాళ్ళలో ఇంకెవరూ చూడలేదేమో. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం ఏజెన్సీ విశాఖపట్నం జిల్లాలో భాగం. గీత మారినా సంతలు మారలేదు, భాషలు మారలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ళు కొద్దిమందే. భయం మాత్రం రైలెక్కి ఊళ్ళు తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టే బేడా సర్దుకుని గుంటూరు వెళ్ళిపోయింది. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు లోపలి జిల్లాలకి తరలాయి. బాంబు పడితే బోనులు విరిగి మృగాలు ఊరి మీద పడతాయేమోనని అక్కడి జూలోని సింహాల్నీ పులుల్నీ ముందే కాల్చి చంపారు. కాల్చింది మలబార్ స్పెషల్ పోలీసు. ఇరవయ్యేళ్ళ కిందట అల్లూరి సీతారామరాజుని పట్టుకోడానికి మన్యం కొండలెక్కింది కూడా ఆ దళమే. జపాను సైనికుడొక్కడూ రాని నగరంలో, బోనులో ఉన్న పులిని తుపాకీతో ఓడించిన యుద్ధం అది. దీన్ని వీరరసంలో పాడే మొనగాడుంటే రమ్మనండి, వింటాను.

ఆ మరుసటి ఏడు ఇంకా చిత్రం. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండింటిలోనూ కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఏటా లక్ష రూపాయలిచ్చి నిలబెట్టిన దాత. ఆయన డబ్బుతో నిలబడ్డ చదువులు గుంటూరు జిల్లాకి పరిగెత్తి తలదాచుకుంటే, గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టి కాశీలో ఫిజిక్సు చదివిన ఒకాయన 1943లో ఉద్యోగం వెతుక్కుంటూ జయపురం వచ్చాడు. సైనిక సాంకేతిక శిక్షణాలయంలో ఫోర్మన్‌గా కొన్ని నెలలు పనిచేశాడు. ఆయన పేరు కొడవటిగంటి కుటుంబరావు.

తెలుగు రచయిత యుద్ధం ఎరగడని చెప్పే పెద్దలు ఈ ఒక్క ఉద్యోగం గురించి ఏం చెప్తారు? తెలుగు వచనంలో చల్లగా, గొంతు పెంచకుండా, లెక్కల మాస్టారు తప్పు దిద్దినట్టు వెటకారం చేయగలిగిన మనిషి, యుద్ధయంత్రానికి పనివాళ్ళని తయారుచేసే చోట జీతం తీసుకున్నాడు. జయపురం మీద ఆయన పెద్ద నవల రాయలేదు, నిజమే. హాషెక్ లాగా సిపాయినీ సృష్టించలేదు. కానీ ‘చదువు’ నవల తిరగెయ్యండి. మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి 1930ల దాకా నడిచే ఆ కథలో ప్రపంచ చరిత్ర అంతా ఒక కుర్రాడి బడికీ ఇంటికీ మధ్య దారిలోంచే పోతుంది. ఆయన గల్పికల్లో రాజ్యం ఎప్పుడూ ఉగ్రరూపంలో కనపడదు, వెర్రి తర్కంతో కనపడుతుంది. డానీకాని చంపిన జాబితాకీ ఈ తర్కానికీ వావి ఉంది. అది ఎవరి దగ్గరో అరువు తెచ్చుకుంటే వచ్చేది కాదు. ‘క్యాచ్-22’ అచ్చయింది 1961లో. ‘చదువు’ అంతకు ఎంతో ముందే వచ్చింది.

కుటుంబరావు జయపురంలో ఉన్న ఆ 1943లోనే, మార్చి 29న, బరంపురం జైల్లో లక్ష్మణ్ నాయక్‌ని ఉరితీశారు. తెంతులిగుమ్మ ఊరి నాయకుడు, భూమియా ఆదివాసి, గాంధీ మాట మీద నడిచినవాడు. 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు ఠాణాకి ఊరేగింపుగా వెళ్ళిన జనం మీద కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఆ గందరగోళంలో ఒక ఫారెస్టు గార్డు కూడా చనిపోయాడు. ఆ హత్య లక్ష్మణ్ నాయక్ ఖాతాలో రాశారు. నవంబరు 13న ఉరిశిక్ష వేశారు. జనాన్ని కాల్చినవాళ్ళకి శిక్ష లేదు; అహింస చెప్పినవాడు హంతకుడయ్యాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడడానికి ఫాసిజం మీద యుద్ధం చేస్తున్నామని చెప్పుకున్న సర్కారు ఈ పని చేసింది. నేను ఇక్కడ నవ్వమనడం లేదు. ఆ తీర్పు వెనకున్న తర్కాన్ని చూడమంటున్నాను. ష్వేక్ కథలో ఈగల రెట్టలకి రాజద్రోహం అంటగట్టిన తర్కం ఇదే. అక్కడ మనిషి పదేళ్ళు జైలుకి పోయాడు, ఇక్కడ ప్రాణం పోయింది.

ఇక గోపీనాథ్ మహంతి సాక్ష్యానికి వద్దాం. ‘పరజా’ 1945లో వచ్చింది. యుద్ధం ముగుస్తున్న ఏడాది, కోరాపుట్ కొండల కథ. నవ్వు లేదన్నమాట ఒప్పుకుంటాను. అసంబద్ధత లేదంటే మాత్రం ఒప్పుకోను. ఫారెస్టు గార్డు కన్ను కథానాయకుడు సుక్రు జాని కూతురి మీద పడింది. ఆ పిల్ల దక్కలేదు గనక చెట్లు కొట్టిన నేరం సుక్రు మీద పడింది, జరిమానా పడింది. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు. అప్పుకి గోతి, అంటే వెట్టి. ఎంత పనిచేస్తే అంత పెరిగే బాకీ. న్యాయం కోసం కోర్టుకెళ్తే భూమి కూడా పోయింది. చివరికి గొడ్డలి. విమానం నడపలేనంత పిచ్చివాణ్ణని అర్జీ పెట్టుకుంటే, అర్జీ పెట్టుకునే తెలివి ఉంది గనక పిచ్చివాడివి కావు, ఎక్కు విమానం అని చెప్పే హెల్లర్ నిబంధనకీ, బాకీ తీర్చే పనే బాకీని పెంచే ఈ గోతికీ నిర్మాణంలో తేడా ఏమిటి? హెల్లర్ నవ్వుతూ చెప్పాడు, మహంతి పళ్ళ బిగువున చెప్పాడు. రెండింట్లోనూ ఉన్నది అదే ఉచ్చు. అసంబద్ధత అనేది రచయిత వేసుకునే వేషం అనుకోవడం వల్ల వచ్చిన తికమక ఇది. అది ముందు లోకంలో ఉంటుంది, చట్టంలో ఉంటుంది. తర్వాతే పుస్తకంలోకి వస్తుంది. మహంతిని నవ్వుకి వ్యతిరేక సాక్షిగా నిలబెట్టినవాళ్ళు ఆయన చెప్పిన సాక్ష్యం సగమే విన్నారు.

మొదట్లో అన్న బొబ్బిలి సంగతి. రాయగడ నుంచి విజయనగరం వెళ్ళే రైలు బొబ్బిలి మీదుగానే పోతుంది కాబట్టి ఆ కథ మాకూ ఊళ్ళో కథే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేనలు కలిసి బొబ్బిలి కోటని నేలమట్టం చేశాయి. లోపల ఆడవాళ్ళనీ పిల్లల్నీ బొబ్బిలివాళ్ళే చంపుకున్నారు. తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచి చంపాడు. జంగాలు దీన్ని తరతరాలుగా పాడారు, సినిమా తీశారు, తెరమీద కన్నీళ్ళు కార్చాం. పాట చెప్పని సంగతి ఒకటుంది. 1794లో పద్మనాభం దగ్గర ఇంగ్లీషు కంపెనీ సిపాయిలు విజయనగరం రాజుని కూడా చంపేశారు. రెండు సంస్థానాల పౌరుషానికీ చివరికి కిట్టుబాటు ధర కట్టింది కంపెనీ. వీరరసం ఈ లెక్క మనకి చూపించదు. చూపిస్తే డప్పు ఆగిపోతుంది.

ఆ లెక్క తీసినవాడు కె.ఎన్.వై. పతంజలి. విజయనగరం జిల్లా అలమండలో 1952లో పుట్టాడు. ‘ఖాకీవనం’లో పోలీసు వ్యవస్థని లోపలి నుంచి విప్పాడు. ఆ తర్వాత ‘వీరబొబ్బిలి’ రాశాడు. ఎవరా వీరబొబ్బిలి? అలమండ రాజులుంగారి దివాణంలో కుక్క. రెండు శతాబ్దాల వీరగాథని తీసుకెళ్ళి కుక్క మెడలో బిళ్ళగా కట్టాడాయన. ఆ కుక్కకి వంశగౌరవం ఉంది, పౌరుషం ఉంది, అభిమానం దెబ్బతినడం కూడా ఉంది. రాజ్యాలు పోయి పౌరుషం ఒక్కటే ఆస్తిగా మిగిలిన మనుషులు ఆ దివాణం నిండా ఉన్నారు. చదువుతూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. నవ్వు ఆగాక కానీ తెలీదు, బొబ్బిలి కథ మళ్ళీ పాత గొంతుతో వినలేమని.

‘గోపాత్రుడు’ ఇంకో మెట్టు పైన ఉంటుంది. భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని గోపాత్రుడు తేల్చేస్తాడు. ఊరు రెండుగా చీలుతుంది. వాదన కొట్లాటవుతుంది, ‘పిలక తిరుగుడు పువ్వు’లో అది కోర్టుకెక్కుతుంది. భూమి ఆకారాన్ని మేజిస్ట్రేటు తేల్చాలి! ఇందులో దేశాలు లేవు, సైన్యాలు లేవు. ఐనా యుద్ధం ఎలా పుడుతుందో, సిద్ధాంతం అనేది కర్ర ఎత్తడానికి ఎలా సాకవుతుందో, పక్షం కట్టినవాడికి కారణం ఎంత అనవసరమో ఇంత విప్పి చెప్పిన తెలుగు పుస్తకం నాకు కనపడలేదు. ష్వేక్ పక్కన దీన్ని పెట్టడానికి నాకేం మొహమాటం లేదు. భాషంటారా, అలమండ సంతలో మాట్లాడేదే. అరువు ఎక్కడుంది ఇందులో?

వెటకారం వీరులకి అవమానమన్న మాట కూడా చూద్దాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డాడు. తుపాకులు తీసుకున్నాడు. తీసుకుని ఊరుకోలేదు, ఏమేం పట్టుకెళుతున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. దాడికి రశీదు! మన సినిమాలు దీన్ని గుండె నిబ్బరంగా చూపించాయి. అది ఉంది. అంతకంటే ఎక్కువగా, రిజిస్టరు లేనిదే ఊపిరి తీయలేని రాజ్యాన్ని దాని సొంత రిజిస్టరులోనే ఎగతాళి చెయ్యడం ఉంది. ఆ కొండల్లో తిరిగిన వీరుడికే చమత్కారం ఉంటే, ఆయన తరఫున మనం మొహం ముడుచుకుని కూర్చోవడం దేనికి?

ఒక మాట ఒప్పుకోవాలి. చెడ్డ వెటకారం ఉంది. మన సినిమాల్లో మిలిటరీ బావగారి కామెడీ లాంటిది. చేతకాని సిపాయిని, గిరిజనుణ్ణి, యాసనీ చూపించి నవ్విస్తుంది. ఉత్తర్వు ఇచ్చినవాడి జోలికి పోదు. దాన్ని చూసి విసుగెత్తి పెద్దలు వెటకారం మీదే కోపం పెంచుకున్నారనుకుంటే వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పేరడీ పద్యాల భయంతో శతకాలు మానేస్తామా? హాషెక్ నవ్వు చక్రవర్తి మీద, పతంజలి నవ్వు దివాణం మీద. ఇద్దరిలో ఎవరూ కాల్పుల్లో పోయినవాణ్ణి చూసి నవ్వలేదు.

ఈ నేల మీద రాయాల్సింది ఇంకా ఎంతో ఉంది. దేశ విభజనలో ఊళ్ళు పోగొట్టుకున్న తూర్పు బెంగాలు శరణార్థుల్ని 1958 తర్వాత దండకారణ్య ప్రాజెక్టు పేరుతో కోరాపుట్ అడవులకి తెచ్చారు. ఎక్కడో లాహోరు సరిహద్దు దగ్గర మంటో నిలబెట్టిన ప్రశ్న మా కొండల్లో ఇళ్ళస్థలంగా మారింది. 1964లో సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం పెట్టారు. ధ్వనికంటే వేగంగా పోయే ఇంజను ఒక పక్క, పోడు కొండ మీద చోళ్ళు, సామలు ఒక పక్క. మధ్యలో కర్మాగారం క్వార్టర్లలో తెలుగు సంసారాలు. 2004 ఫిబ్రవరి 6న కోరాపుట్ పట్నంలో మావోయిస్టులు జిల్లా ఆయుధాగారాన్నే దోచుకున్నారు. 2000 డిసెంబరులో కాశీపూర్ దగ్గర మైకంచ్‌లో బాక్సైటు గనిని వద్దన్న ఆదివాసులు ముగ్గురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వీటి మీద నివేదికలు వచ్చాయి, పాటలు వచ్చాయి, ఏడుపు వచ్చింది. ఇవన్నీ కావాల్సినవే. ఉత్తర్వు రాసిన కలం వెర్రితనాన్ని పట్టుకున్న నవల మాత్రం తెలుగులో ఇంకా రావాల్సే ఉంది. అది రాకపోవడానికి మనకి యుద్ధానుభవం లేకపోవడం కారణం కాదు. నవ్వితే పెద్దలు ఏమంటారోనన్న జంకు కారణం.

కాబట్టి రాయగడ, జయపురం, గుణుపురం కుర్రాళ్ళకి ఒక మాట. వెటకారం మనది కాదని ఈసారి ఎవరైనా మైకు ముందు చెప్తే, ‘గోపాత్రుడు’ చదివారా అని నిలబడి అడగండి. చదవలేదంటే ఆ పుస్తకమూ ‘పిలక తిరుగుడు పువ్వు’, రెండూ చేతికిచ్చి విజయనగరం రైలెక్కించండి. రెండూ చిన్న పుస్తకాలే, బొబ్బిలి దాటేలోపు సగం అయిపోతాయి.